ఫ్రెంచి విద్యకు వ్యాపార నిర్వహణ విద్యతో పొత్తు

ఫ్రెంచి భాషాసాహిత్యములందు స్నాతకోత్తర విద్య నభ్యసించు విద్యార్థికి వ్యాపార నిర్వహణ శాస్త్రమును గూడ బోధింపవచ్చునా, బోధించినచో ఆ రెండు విద్యలును ఒక్క పట్టములో ఇముడునా, లేక ఒకదానినొకటి పలుచన చేయునా అను ప్రశ్న రెండవ ప్రపంచ సంగ్రామానంతరము పుట్టి, అమెరికాలోను ఫ్రాన్సులోను పలు రూపములు దాల్చి, నేడు మన విశ్వవిద్యాలయముల గడపకు వచ్చి నిలిచినది. ఈ వాదము చిక్కుపడుటకు ముఖ్యకారణము, వాదించువారు ఒకే పేరుతో మూడు వేర్వేరు వస్తువులను గూర్చి మాటలాడుటయే. ఒకరి దృష్టిలో అది ఎంబీఏ విద్యార్థికి నేర్పు వ్యాపార ఫ్రెంచి. మరియొకరి దృష్టిలో ఎంఏ ఫ్రెంచి పట్టభద్రునకు జీవనోపాధి చూపు ఉపాయము. మూడవవారికి ఫ్రెంచి సమాజముయొక్క ఆర్థిక జీవితమును ఫ్రెంచి మూలములనుండియే పరిశోధించు ఒక ప్రత్యేక విద్య. మొదటిదానిపై వేసిన ఆక్షేపణకు మూడవదాని పక్షమున సమాధానము చెప్పుచు, రెండవదాని ఆశలను మొదటిదానిపై మోపుచు నడచిన చర్చ తేలకపోవుటలో వింత లేదు. కావున ఈ మూడింటిని విడదీసి చూచుట మొదటి పని.

రెండు విద్యలు వేరుపడిన విధము

వర్తకమునకును పరభాషా పరిజ్ఞానమునకును గల సంబంధము పట్టములకంటె మిక్కిలి ప్రాచీనము. ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నమున వర్తకశాలను నెలకొల్పిన నాటినుండియు దుబాసీల తోడు లేనిదే కోరమండల తీరమున వారి బేరము సాగలేదు. ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువున ప్రధాన దుబాసిగా పనిచేసిన, 1736 మొదలు 1761 వరకు తమిళమున దినచర్య వ్రాసిన ఆనందరంగ పిళ్ళె భాషాంతరీకరణమును, వర్తకమును, రాజ్యతంత్రమును ఒక్కడే నిర్వహించినవాడు; ఆ దినచర్యను చదివినవారికి ఈ మూడింటిలో ఏది ఎచట ముగిసి ఏది ఎచట ఆరంభమగుచున్నదో చెప్పుట కష్టము.

వర్తకము విద్యాశాలకు ఎక్కినప్పుడు మాత్రము సాహిత్యమునకు దూరమైనది. పారిస్‌లో 1819లో వెలసి నేడు ఈఎస్‌సీపీ అను పేర ప్రసిద్ధమైన వాణిజ్య పాఠశాలయు, 1881లో పారిస్ వాణిజ్య మండలి స్థాపించిన హెచ్‌ఈసీయు విశ్వవిద్యాలయముల వెలుపలనే పెరిగినవి. సాహిత్యము సోర్బాన్ వంటి పీఠములందు నిలిచినది. సాహిత్య విద్యార్థి ఉపాధ్యాయుడగుటయు, వర్తక విద్యార్థి ఉద్యోగాధికారి యగుటయు సహజ ధర్మములుగా పరిగణింపబడినవి. ఈ గోడకు మొదటి గవాక్షమును తెరచినది 1955లో ఉన్నత విద్యాధికారిగా నున్న గాస్టన్ బెర్జే. తానును కొంతకాలము పరిశ్రమను నడిపిన తత్త్వవేత్త యగుటచేత, ఇతర శాస్త్రములందు పట్టము పొందినవారికి నిర్వహణ విద్యను అదనముగా నేర్పుటకై విశ్వవిద్యాలయములలోనే ప్రత్యేక సంస్థలను నెలకొల్పించెను. న్యాయవాదియు, ఇంజనీరును, సాహిత్యజ్ఞుడును తమ విద్యను వదలకయే మరియొక సామర్థ్యమును చేర్చుకొనవలెనను నేటి ద్వంద్వ సామర్థ్య సిద్ధాంతమునకు మూలము ఇచటనే కలదు. ఆశ్చర్యమేమన, ఈ సిద్ధాంతము ఇంజనీర్ల విషయమున శీఘ్రముగా ఫలించినంతగా సాహిత్యజ్ఞుల విషయమున ఫలింపలేదు. సాహిత్య, మానవశాస్త్రములలో మాస్టర్స్ ముగించినవారిని పెద్ద సంస్థలు ఉద్యోగములలోనికి తీసికొనునట్లు చేయుటకు 2007లో ఫినిక్స్ అను పేర ఒక ప్రత్యేకోద్యమమే ఆరంభింపవలసి వచ్చినది.

అమెరికాలో సాగిన ప్రయోగములు

అమెరికాలో ఈ పొత్తుయొక్క కథ వేరు త్రోవను నడచినది. 1946లో అరిజోనా రాష్ట్రమునందలి గ్లెన్‌డేల్ సమీపమున, యుద్ధకాలమున వైమానిక శిక్షణకు వాడిన థండర్‌బర్డ్ మైదానముననే, జనరల్ యౌంట్ అధ్యక్షతన విదేశ వాణిజ్య విద్యాసంస్థ యొకటి వెలసినది. అంతర్జాతీయ వాణిజ్యము, పరభాష, ఆయా దేశముల పరిచయము అను మూడు పాదములపై దాని పాఠక్రమము నిలిచినది. భాష ఇచట అలంకారము కాదు. మూడవ వంతు విద్య.

ఈ త్రోవ విస్తరించుటకు ముందే ఒక అవరోధమేర్పడినది. ఫోర్డ్, కార్నెగీ ప్రతిష్ఠానముల ప్రోత్సాహమున 1959లో వెలువడిన రెండు నివేదికలు వ్యాపార పాఠశాలలు శాస్త్రీయములు కావలెనని, గణితము, ఆర్థిక శాస్త్రము, ప్రవర్తనా శాస్త్రములే వానికి పునాది కావలెనని ఘోషించినవి. ఆ సంస్కరణ అవసరమైనదే. కాని లెక్కకు లొంగని భాషకును, చరిత్రకును పాఠక్రమములో చోటు తరిగినది. మన దేశమున 1961లో అహమ్మదాబాదు, కలకత్తా నిర్వహణ విద్యాసంస్థలు ఒకటి హార్వర్డుతోను మరియొకటి ఎంఐటీతోను సహకారమున ఏర్పడినవి కావున, ఆ కాలపు అమెరికా భావనయే మనకును సంక్రమించినదని గ్రహింపవలెను.

కాలక్రమమున ప్రతిస్పందన కలిగినది. 1974లో దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయము పరభాషను, విదేశమున ఉద్యోగ శిక్షణను తప్పనిసరి చేయుచు అంతర్జాతీయ వ్యాపార పట్టమును ప్రారంభించినది. 1978లో న్యూయార్క్ విశ్వవిద్యాలయమున ఫ్రెంచి అధ్యయన సంస్థ ఏర్పడి, సాహిత్యముకంటె ఫ్రాన్సు చరిత్ర, సమాజము, రాజనీతులపై దృష్టి నిలిపి, తరువాత ఆ విశ్వవిద్యాలయపు వ్యాపార పాఠశాలతో జంట పట్టమును కల్పించినది. 1979లో అధ్యక్షుడు కార్టర్ నియమించిన సంఘము పరభాషా విద్యయందు దేశముయొక్క అసమర్థతను తీవ్రముగా ఖండించినది. 1983లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందలి వార్టన్ పాఠశాలకు అనుబంధముగా లాడర్ సంస్థ వెలసినది. 1988 నాటి వాణిజ్య శాసనము అంతర్జాతీయ వ్యాపార విద్యా కేంద్రములకు ప్రభుత్వ ధనమును సమకూర్చుటతో, ఫ్రెంచి శాఖలకును వ్యాపార శాఖలకును మాటలు కలియుటకు ఒక లౌకిక కారణము దొరకినది. ధనము వచ్చినచోట మైత్రి కుదిరినది. ధనము తగ్గినచోట ఎంతవరకు నిలుచును అనునది వేరు ప్రశ్న.

సాధనవాదులు

ఈ చరిత్రనుండి పుట్టిన వాదములలో మొదటిది భాషను సాధనముగా భావించువారిది. వ్యాపారికి ఫ్రెంచి కావలసినది బేరమాడుటకు, ఒడంబడిక చదువుటకు, సహోద్యోగుల విశ్వాసమును చూరగొనుటకు. ఆ పనికి చాలినంత నేర్పిన చాలునని వీరి మతము. పారిస్ వాణిజ్య మండలి విదేశీయులకై 1958 నుండి నడుపుచున్న వ్యాపార ఫ్రెంచి పరీక్షలు ఈ మతమునకు ప్రమాణగ్రంథముల వంటివి.

వీరు చూపు లాభము ఎంత అని అడిగినచో, సమాధానము ఉత్సాహవంతముగా నుండదు. అమెరికా పట్టభద్రుల విషయమున 2005లో సైజ్, జోయిడో అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన, రెండవ భాష మాటలాడగలవారికి వేతనమున 2 నుండి 3 శాతము మాత్రమే ఆధిక్యము కలుగునని తేల్చినది. ఆ లెక్కలో ఫ్రెంచి స్పానిషుకంటె మెరుగు, జర్మనుకంటె తక్కువ. ఈ అంకెను పట్టుకొని ఫ్రెంచి నిరర్థకమనుట తొందరపాటగును. ఏలయన అది భాషను ఏ ఉద్యోగమున ఎట్లు వాడుచున్నారో చెప్పదు. కాని వేతనమే ప్రయోజనమని ఆరంభించినవారు వేతనపు లెక్కకు కట్టుబడవలెను గదా. రెండు సంవత్సరముల స్నాతకోత్తర విద్యను 2, 3 శాతముల వేతనముతో సమర్థింపబూనుట ఈ మతముయొక్క బలహీనత.

స్వతంత్ర విద్యావాదులు

రెండవ వాదము దీనికి ప్రతికూలము. భాషాసాహిత్య విద్యకు ప్రయోజనము తనలోనే కలదు. దానిని వర్తకమునకు అనుచరిగా చేసిన నాడు, పాఠమును నిదానముగా చదువుట, సందేహించుట, చారిత్రకముగా ఆలోచించుట అను గుణములు మొదట నశించును. ఆ గుణములు నశించిన పిదప వర్తకమునకు గూడ దానివలన ఒరుగునది లేదని వీరందురు. ఈ ఆక్షేపణలో స్వార్థమున్నదని త్రోసివేయువారు కలరు గాని, దీనిని ఆదరముతో వినవలసియున్నది. పలు ఫ్రెంచి శాఖలలో వ్యాపార ఫ్రెంచి తరగతి తాత్కాలికోపాధ్యాయుల పాలికిని, సాహిత్య సెమినారు స్థిరాచార్యుల పాలికిని పోవుట, అనగా ఒకే శాఖలో రెండు కులములు ఏర్పడుట, ఈ పొత్తు తెచ్చిన హానులలో ముఖ్యమైనది. అమెరికాలోని ఆధునిక భాషా సంఘము 2007లో మేరీ లూయీ ప్రాట్ అధ్యక్షతన వెలువరించిన నివేదిక ఈ రెండంతస్తుల నిర్మాణమునే తప్పుపట్టి, భాష క్రిందను సాహిత్యము పైనను ఉండు పద్ధతిని తొలగించి, చరిత్రను, రాజకీయమును, ప్రచార సాధనములను, సాహిత్యమును కలిపి బోధించు ఏకీకృత పాఠక్రమమును కోరినది. స్వతంత్ర విద్యావాదులలో కొందరు ఈ నివేదికను ద్రోహముగా భావించిరి. మరికొందరు దానియందే తమ విద్యకు రక్షణను చూచిరి.

ఉభయ విద్యలకు ఉమ్మడి వస్తువు

మూడవ వాదమును ప్రకటించినవారు తక్కువ. దానిని ఆచరించి చూపినవారే ఎక్కువ. ఫ్రెంచి విద్యకును నిర్వహణ విద్యకును కూడిక గుర్తు పెట్టుట కాక, ఆ రెండును కలిసి చదువదగిన వస్తువు ఒకటి కలదని వారి రచనలు నిరూపించుచున్నవి. ఈ పక్షము బలమైనదను అభిప్రాయమును దాచుట అనవసరము.

నిర్వహణ శాస్త్రమునకు ఆద్యులలో ఒకడైన హెన్రీ ఫయోల్ ఫ్రెంచి గని ఇంజనీరు; ఆయన గ్రంథము 1916లో వెలువడినను, ఆంగ్ల పాఠకలోకమున అది విస్తృత ప్రచారమందినది 1949 నాటి అనువాదము వలననే. మిషెల్ క్రోజియే 1963లో ఫ్రెంచి ఉద్యోగిస్వామ్యమును విశ్లేషించుచు, పైయధికారితో ముఖాముఖి తలపడుటకు ఇష్టపడక నియమముల చాటున నిలుచు ప్రవృత్తి ఆ సంస్థలను ఎట్లు కదలనీయక పట్టియుంచునో చూపెను. ఫిలిప్ డిరిబార్న్ 1989లో ప్రకటించిన గౌరవతర్కమను గ్రంథమున ఫ్రాన్సు, అమెరికా, హాలండు దేశములందలి మూడు కర్మాగారములను పోల్చి, అమెరికాలో పనికి ఒడంబడికయు, హాలండులో సంప్రతింపులతో కుదిరిన సమ్మతియు ఆధారమైనట్లే, ఫ్రాన్సులో తన వృత్తిస్థానమునకు తగిన గౌరవధర్మము ఆధారమని ప్రతిపాదించెను. ఒక ఫ్రెంచి పనివాడు, ఎవరును ఆజ్ఞాపింపకయే, తన వృత్తికి కళంకము రాకుండుటకై చేయు పనిని వేరొక దేశపు నిర్వహణాధికారి ఆజ్ఞలతోను పర్యవేక్షణతోను రాబట్టబూనినచో, పని చెడును, మనసు చెడును. ఈ సంగతి ఏ లెక్కల పట్టికలోను కానరాదు; ఫ్రాన్సు పూర్వసమాజపు శ్రేణీవ్యవస్థను, దానిని వర్ణించిన గ్రంథములను చదివినవానికే గోచరించును.

ఇట్లే ల్యూక్ బోల్టాన్‌స్కీ, ఈవ్ షియపెల్లో 1999లో ప్రకటించిన పెట్టుబడివ్యవస్థ నూతన చైతన్యమునకు సంబంధించిన గ్రంథమునకై 1960లలోను 1990లలోను ఫ్రెంచి నిర్వహణాధికారులకై వ్రాయబడిన కరదీపికలనే మూలపాఠములుగా గ్రహించి, సాహిత్య విమర్శకుడు కావ్యమును పరిశీలించునంత శ్రద్ధతో పరిశీలించిరి. వెనుకకు పోయినచో, అత్తరుల వర్తకుని దివాలాను 1837లో నవలగా మలచిన బాల్జాక్‌ను, పారిస్ మహావిపణిశాల చిన్న దుకాణములను మ్రింగివేయు విధమును 1883లో చిత్రించిన జోలాను వాణిజ్య చరిత్రకు దూరముగా ఉంచి బోధించుట సాహిత్యమునకే అన్యాయము. ధర నిర్ణయము, సరకుల ప్రదర్శన, వాపసు తీసికొను ఏర్పాటు, ఉద్యోగులకు అమ్మకముపై వంతు మొదలగు వ్యాపార తంత్రములు జోలా నవలలో కథాంగములే. వానిని గుర్తింపలేని పాఠకుడు ఆ నవలలో సగము చదివినట్లు.

నిర్మాణ భేదములు

ఈ మూడు వాదములును పాఠక్రమములలో ఎట్లు రూపొందినవో పోల్చి చూడవచ్చును. థండర్‌బర్డ్ పద్ధతిలో పట్టము ఒక్కటే, అదియు వాణిజ్యముదే. ఫ్రెంచి దానికి అంగము. లాడర్ పద్ధతిలో పట్టములు రెండు, ఎంబీఏతోపాటు అంతర్జాతీయాధ్యయనములందు ఎంఏ, రెండును కలిపి 24 నెలలలో. భాషాప్రమాణము ఉన్నతమే గాని సాహిత్యమునకు చోటు స్వల్పము. న్యూయార్క్ పద్ధతిలో పట్టములు రెండు, ఫ్రాన్సును గూర్చిన జ్ఞానము గాఢము, కాని రెండు పాఠశాలల తరగతులు ప్రక్కప్రక్కన నడచుచుండగా వానిని తన మనసులో కలుపుకొను భారము విద్యార్థిపైననే పడును. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఫ్రెంచి శాఖ నడపిన వృత్తిపర ఫ్రెంచి మాస్టర్స్ పద్ధతి దీనికి తలక్రిందులు: పట్టము ఫ్రెంచిది, వ్యాపారము అందులో ఒక ప్రత్యేకాంశము, ఫ్రెంచి మాటలాడు దేశమున ఉద్యోగ శిక్షణ తప్పనిసరి, దానిపై నివేదికను ఫ్రెంచిలోనే వ్రాయవలెను. ఫ్రాన్సులో 1970ల ఆరంభమునుండి నడచుచున్న అనువర్తిత పరభాషా విభాగము రెండు పరభాషలతో న్యాయ, ఆర్థిక, నిర్వహణ శాస్త్రములను చేర్చినది. కాని అది పరభాషలకు సంబంధించినది కావున ఫ్రెంచిని పరభాషగా అభ్యసించువారికి నమూనాయే గాని నిలయము కాదు.

వీనిలో విస్కాన్సిన్ శాఖ అనుసరించిన, శిక్షణ నివేదికను ఫ్రెంచిలో వ్రాయించు పద్ధతి అన్నింటికంటె విలువైనది. ఏ సంస్థలో పనిచేసెనో ఆ సంస్థను గూర్చి ఆ సంస్థ భాషలోనే తర్కించి వ్రాయవలసిన విద్యార్థి, రెండు విద్యలను కలుపకుండ తప్పించుకొనజాలడు.

ఆంగ్లము చాలదా?

అంతర్జాతీయ వ్యాపారమంతయు ఆంగ్లముననే నడచుచుండగా ఫ్రెంచి యేల అను ప్రశ్న ఈ చర్చలో మాటిమాటికి తలయెత్తుచున్నది. 1957లో ఫాంటేన్‌బ్లోలో స్థాపింపబడిన ఇన్‌సియాడ్ ఆరంభమున ఫ్రెంచి, ఆంగ్ల, జర్మను భాషలు మూడును కోరినది. క్రమముగా ఆంగ్లమే ఆ విద్యాలయపు బోధనాభాష యైనది. ఫ్రాన్సు ప్రభుత్వము 1994 నాటి టూబాన్ శాసనముతో ఫ్రెంచిని విద్యాబోధనకు ప్రధాన భాషగా నిలిపినను, 2013లో పరభాషలలో బోధించుటకు అవకాశములను విస్తరింపవలసి వచ్చినది. ఇది ప్రశ్నకు ఒక ప్రక్క.

రెండవ ప్రక్క క్యూబెక్‌లోను ఆఫ్రికాలోను కలదు. క్యూబెక్‌లో 1977 నాటి ఫ్రెంచి భాషా శాసనము 50 మంది, అంతకు మించి ఉద్యోగులు గల సంస్థలలో ఫ్రెంచిని కార్యభాషగా నెలకొల్పుటకు నిర్బంధించినది. 2022లో ఆ శాసనమును సవరించి ఆ పరిమితిని 25కు దించిరి. ఆఫ్రికాలో 1993 అక్టోబరున మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో సంతకములైన ఓహాడా సంధి వలన నేడు 17 దేశములలో వాణిజ్య న్యాయము, సంస్థల న్యాయము, జమాఖర్చుల పద్ధతి ఏకరూపము పొందినవి; ఆ న్యాయముయొక్క జీవద్భాష ప్రధానముగా ఫ్రెంచియే. పారిస్‌లోని కార్యాలయమున ఆంగ్లముతో నెగ్గుకొని వచ్చిన అధికారి ఐవరీ కోస్టులోని అబిజాన్‌లో న్యాయస్థానపు తీర్పును చదువజాలక నిలిచిపోవును. ఫ్రెంచి వ్యాపారవిద్య అనగానే ఫ్రాన్సునే తలచు అలవాటును ఈ చర్చలో పాల్గొను వారందరును మానుకొనవలసియున్నది.

తెలుగునాట

తెలుగు దేశమునకు ఈ ప్రశ్నతో గల సంబంధము కల్పితము కాదు. గోదావరీ తీరమున తెలుగు మాటలాడు యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. హైదరాబాదులో 1958లో ఆంగ్ల బోధనకై ఏర్పడి, 1972లో పరభాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, పరభాషా విశ్వవిద్యాలయము ఫ్రెంచిలో ఉన్నత విద్యకు నిలయము. అదే నగరమున 2001లో ఆరంభమైన ఐఎస్‌బీ నిర్వహణ విద్యకు పేరొందినది. విమానపు ఇంజన్ల సంస్థ సఫ్రాన్, ఔషధ సంస్థ సనోఫీ మొదలగు ఫ్రెంచి సంస్థలు ఇచట కార్యాలయములు నెలకొల్పినవి. మన ఔషధములు ఫ్రెంచి మాటలాడు ఆఫ్రికా దేశములకు పోవుచున్నవి. అచటి అనుమతికై పెట్టు దరఖాస్తు, మందుపెట్టెలోని కరపత్రము ఫ్రెంచిలో నుండవలసిన సందర్భములు అనేకములు.

ఇన్ని యుండియు పొత్తు కుదరకుండుటకు కారణము పునాదిలోనే కలదు. ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచిని రెండవ భాషగా ఎన్నుకొను విద్యార్థులు మన నగరములలో తక్కువ కారు. కాని ఆ ఎన్నికకు మార్కులు సులభముగా వచ్చునను ఆశయే తరచుగా హేతువు. పరీక్ష ముగిసిన పిదప భాష మరుపున పడును. ఫ్రెంచి తెలిసినవారిని వెదకు కార్యాలయములు వారికి చాల సందర్భములలో ఇచ్చునది వినియోగదారుల పిలుపులకు జవాబు చెప్పు పని. అది నిర్వహణకు మెట్టు కావలెనన్నచో ఎంబీఏ కావలెను, ఎంబీఏలో చేరినచో ఫ్రెంచి చదువు ఆగిపోవును. ఈ చక్రములో ప్రతిభావంతులైన యువతీయువకులు చిక్కుకొనుట బాధాకరము. 2020 జాతీయ విద్యావిధానము మాధ్యమిక స్థాయిలో ఫ్రెంచి మున్నగు పరభాషలకు చోటిచ్చినది. ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను చేర్చుకొనవలెనని లక్ష్యమును ప్రకటించెను. తలుపులు తెరచుకొనుచున్నవి గాని, లోపలికి పోవువాడు ఏమి చదివి పోవలెనో ఇచట ఎవరును నిర్ణయింపలేదు.

తేలని విషయములు

భాషాప్రమాణము ఎచట నిలుపవలెనను విషయము మొదటిది. యూరపు భాషాప్రమాణముల పట్టికలో బీ2 చాలునని సాధనవాదులు, సీ1 లేనిదే పరిశోధన అసాధ్యమని తక్కినవారును చెప్పుదురు. ఉమ్మడి వస్తువును కోరువారు సీ1నే కోరవలెను. కాని ఆ స్థాయికి చేరిన విద్యార్థులు మన దేశమున ఎంబీఏ ప్రవేశపరీక్షకు సిద్ధపడినవారిలో మిక్కిలి అరుదు.

యంత్రానువాదము రెండవది. వ్యాపార లేఖలను యంత్రము క్షణములో అనువదించుచుండగా, సాధనవాదుల ఫ్రెంచికి విలువ తగ్గుట తప్పదు. అయితే డిరిబార్న్ చూపిన గౌరవధర్మమును గ్రహించుటకు కావలసిన ఫ్రెంచి ఈ పోటీలో లేదు. యంత్రము వలన వ్యాపార ఫ్రెంచి బలహీనపడి, ఫ్రెంచి సమాజాధ్యయనము బలపడవచ్చును. ఇది ఊహయే గాని నిర్ణయము కాదు.

పరీక్షాధికారము మూడవది, అన్నింటికంటె చిక్కైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో విద్యార్థి రెండు పట్టములకు ఒకేకాలమున చదువుటకు, తరగతుల వేళలు పరస్పరము తాకకుండునంతవరకు, అనుమతించినది. ఇది పాతకాలపు నిషేధమును తొలగించిన మంచి నిర్ణయము. కాని వేళలు తాకకుండుటను గూర్చి చెప్పిన నియమము విషయములు కలియుటను గూర్చి ఏమియు చెప్పలేదు. హైదరాబాదు విద్యార్థి యొకడు సెనెగల్ రాజధాని డకార్‌లో మన ఔషధ సంస్థలు అనుమతి పొందు విధమును అచటి ఫ్రెంచి పత్రములనుండి పరిశోధించి ఒక సిద్ధాంత వ్యాసమును వ్రాసెననుకొందము. దానిని ఫ్రెంచి శాఖ వాణిజ్య నివేదిక యని త్రోసిపుచ్చునా, వాణిజ్య శాఖ భాషాంతరీకరణ యని తీసివేయునా, లేక రెండు శాఖలనుండి ఇరువురు పరీక్షకులు కూర్చుండి ఒక్క వ్యాసమును రెండు పట్టములకును అర్హముగా గణింతురా అనునది ఏ నియమావళిలోనైన స్పష్టముగా వ్రాయబడువరకు, ఈ పొత్తు ఒకే విద్యార్థి రెండు బడులకు పోవుటగా మాత్రమే మిగులును.